రచయిత పిలుపు – రచయిత కూలి

(అధ్యక్ష ఖండ శతజయంతి సాహిత్య సదస్సులో చదివిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో గడచిన నూరేండ్లను పొగడుట పరిపాటి. గుడులు కట్టినవారిని, బడులు, ఆసుపత్రులు నడిపినవారిని ఈ సభలలో స్మరించుకున్నాము. ఆ స్మరణ న్యాయమైనది. మాకు ఇచ్చిన అంశము మాత్రము వేరు. ఈనాటి యువతీ యువకులు రచనను వృత్తిగా చేపట్టవచ్చునా అని మమ్మల్ని అడిగారు. పొగడ్తలతో ఈ ప్రశ్న తీరదు. లెక్క చూసి చెప్పవలసిన ప్రశ్న ఇది.

“మేము” అంటున్నాము గనుక ఎవరమో ముందు మనవి చేసుకోవాలి. మేము నలుగురము. ఒకరు బడిపంతులు, ఒకరు తపాలా గుమాస్తా, ఒకరు రైల్వే గార్డు, ఒకరు ఆసుపత్రిలో నర్సు. నలుగురమూ వయసులో ఉండగా కలము పట్టి బ్రతకాలని కలలు కన్నవాళ్లమే. నలుగురమూ జీతముతో బ్రతికి, ఇప్పుడు పింఛనుతో బ్రతుకుతూ, ఇంకా వ్రాస్తూనే ఉన్నాము. మా పాస్టరేటు సాహిత్య సమితి అంటే ఈ నలుగురే. ఈ ప్రసంగము కూడా నలుగురము కూర్చుని వ్రాసినదే. చదివే గొంతు మాత్రము ఒక్కటి.

ఈ అంశము మాకు అందిన వారములోనే మా సంఘములోని ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని మా నర్సమ్మ గారి ఇంటికి వచ్చినది. ఎం.ఏ. తెలుగు చదివి, ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తున్నది. కథలు వ్రాస్తుంది, పాటలు కడుతుంది.

“పెద్దమ్మా, ఉద్యోగము మానేసి వ్రాతతోనే బ్రతకాలని ఉంది. మీరేమంటారు?” అని అడిగినది.

తల్లి ఊరుకోలేదు. “వ్రాతలతో పొయ్యి వెలుగుతుందా వదినా? నువ్వే చెప్పు దీనికి. నా మాట వినడము లేదు” అన్నది.

ఆ అమ్మాయి చేతిలో ఒక చిన్న పాటల పుస్తకము ఉన్నది. దాని సంగతి చివర చెప్తాము. ఆ రోజు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఈ ప్రసంగము ఆ తల్లికీ బిడ్డకూ మేము ఇవ్వవలసిన జవాబు అనుకోండి.

మన భాషలో అచ్చు పుస్తకము పుట్టినదే సంఘము చేతులలో. బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ మద్రాసులో పని చేసి, జర్మనీకి తిరిగి వెళ్లి, హాలే నగరములో 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు. ఆ తరువాత 1805లో విశాఖపట్నము వచ్చిన క్రాన్, డెగ్రాంజ్ దొరలు సువార్తలను తెనిగించే పనికి పూనుకున్నారు. వారికి చేదోడుగా నిలిచినవారు ఆనంద రాయర్. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయి వచ్చేనాటికి దొరలిద్దరూ కన్నుమూశారు. తెలుగు పత్రికలలో తొలిదని పలువురు చెప్పే ‘సత్యదూత’ 1835లో బళ్లారి క్రైస్తవుల పూనికతో వెలువడినది.

వీరిలో ఎవరూ పుస్తకము అమ్ముకుని బ్రతకలేదు. దొరలకు సీమలోని మిషను సంఘాలు జీతమిచ్చాయి. పుస్తకము వెల పాఠకుడు చెల్లించలేదు. సముద్రము అవతల చందాలు వేసిన భక్తులు చెల్లించారు. అందుచేత మన సంఘాలలో ఒక అలవాటు స్థిరపడినది. దేవుని మాట ఉచితముగా వస్తుంది, దానిని వ్రాసినవాడు కూడా ఉచితముగానే వస్తాడు అనే అలవాటు అది. ఆనంద రాయర్ పేరు మనలో ఎందరికి తెలుసు?

మాటకు వెల కట్టి ఇచ్చిన మనిషి కూడా ఆ కాలములోనే ఉన్నాడు. సి.పి. బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, తన సొంత డబ్బుతో వారికి జీతాలిచ్చి, తాళపత్రాలను సరిచూపించి ప్రతులు వ్రాయించాడు. ఆయన నిఘంటువు 1852లో మద్రాసు వేపేరిలోని క్రైస్తవ ముద్రాలయములోనే అచ్చు పడినది. వేమన పద్యాలు ఈనాడు మన పిల్లల నోట ఉన్నాయంటే ఆ జీతాల పుణ్యము కొంత ఉన్నది.

తెలుగు రచయితల జీవితాలు తిరగవేస్తే మాకు ఒక సంగతి తేటగా కనబడినది. కలము వెనుక ఎప్పుడూ మరొక పని ఉన్నది. వీరేశలింగము పంతులు గారు బడిపంతులు. 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి, తరువాత సొంత ముద్రాలయము కూడా నడిపారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ‘ఆంధ్రపత్రిక’ను 1908 నుండి, ‘భారతి’ని 1924 నుండి పోషించినది 1893లో ఆయన మొదలుపెట్టిన అమృతాంజనము. తలనొప్పి మందు తెలుగు సాహిత్యాన్ని నిలబెట్టినదంటే నవ్వులాట కాదు. ఆ రెండు పత్రికలూ 1991లో ఆగిపోయాయి. తెలంగాణములో వట్టికోట ఆళ్వారుస్వామి గారు వంటపని చేసి, హోటలులో పని చేసి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాల బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగి అమ్మారు.

ఇక మన జాషువా కవి గారి సంగతి. మాటలు రాని మూకీ సినిమాల కాలములో రాజమండ్రిలో తెర ప్రక్కన నిలబడి కథ చదివి వినిపించే కొలువు చేశారు. గుంటూరు లూథరన్ సంఘము వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పాఠాలు చెప్పారు. తెలుగు పండితులుగా పనిచేశారు. 1957 నుండి 1959 వరకు మద్రాసు రేడియోలో ఉన్నారు. ‘గబ్బిలము’ వ్రాసిన చేయి అన్ని కొలువులు చేసిన చేయి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చేనాటికి ఆయనకు డెబ్బది ఏండ్లు దగ్గరపడ్డాయి.

ఇదంతా చెప్పి ఆ అమ్మాయిని నిరుత్సాహపరచుట మా ఉద్దేశము కాదు. పౌలు అపొస్తలుడు కొరింథులో అకుల ప్రిస్కిల్లల ఇంట డేరాలు కుట్టాడు. డేరా కుట్టిన చేతితోనే పత్రికలు వ్రాసి పంపాడు. డేరా పని ఆయన పిలుపుకు అవమానము కాలేదు. పైగా ఎవరి దగ్గరా చేయి చాపకుండా నిజము చెప్పే స్వేచ్ఛను అదే ఇచ్చినది.

అయితే కలముతోనే బ్రతికిన కాలము తెలుగులో ఒకటి లేకపోలేదు. వారపత్రికలు ఇంటింటికీ వెళ్లిన రోజులవి. సీరియలు నవల కోసము మంగళవారమో శుక్రవారమో ఎదురుచూసేవారు. వీధి మొగలో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. దినానికి పావలా, అర్ధరూపాయి అద్దె. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’ని మా నర్సమ్మ గారు రాత్రి డ్యూటీలో దీపము కింద చదివినట్లు ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. ఆ కాలములో పేరున్న నవలాకారులు కొందరు ఉద్యోగము లేకుండా బ్రతకగలిగారు. మరి కొందరికి మద్రాసు సినిమా అన్నము పెట్టినది. రంగనాయకమ్మ గారి వంటివారు తమ పుస్తకాలు తామే వేసుకుని, తక్కువ వెలకు అమ్మి, పాఠకులను నిలుపుకున్నారు. టెలివిజను చానెళ్లు ఇంటింటికీ వచ్చిన తరువాత సీరియలు తెర మీదికి వెళ్లినది. అద్దె కొట్లు మూతపడ్డాయి. 2020లో కోవిడ్ వచ్చి మిగిలిన పత్రికలలో కొన్నింటి అచ్చును ఆపివేసినది.

మా అనుభవము కూడా ఒకటి చెప్తాము. ఉద్యోగములో చేరిన కొత్తలో నలుగురము తలా కొంత వేసుకుని ఒక కథల పుస్తకము అచ్చు వేయించాము. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చే రోజులు. ఒక ఫారము అచ్చయితే గాని రెండవ ఫారమునకు టైపు చాలేది కాదు. ప్రూఫులు దిద్దడానికి గార్డు గారు డ్యూటీ దిగి స్టేషను నుండి నేరుగా ప్రెస్సుకు వచ్చేవారు. వెయ్యి ప్రతులు వేశాము. మంచి రచన దానంతట అదే అమ్ముడుపోతుందని మా నమ్మకము. కొట్టువాళ్లకు అరువుకిచ్చాము, రసీదు అడగడానికి మొహమాటపడ్డాము. రెండేండ్లు తిరిగినా సగము డబ్బు రాలేదు. మిగిలిన కట్టలు గుడి వెనుక గదిలో పెడితే చెదలు పట్టాయి. ఒకనాడు తిరునాళ్లలో మరమరాలు కొని పొట్లము విప్పితే మా నాలుగవ కథ కనబడినది. పంతులు గారు ఆ కాగితము విప్పి నిలబడి చదువుకుని, “అచ్చుతప్పు ఇక్కడ కూడా ఉన్నదే” అన్నారు.

అంతకంటె పెద్ద దెబ్బ మరొకటి. మా తపాలా మిత్రుడు మూడేండ్లు కష్టపడి వ్రాసిన నవలను నకలు ఉంచుకోకుండా ఒక ప్రచురణకర్తకు పంపాడు. అది తిరిగి రాలేదు. ఉత్తరాలకు జవాబూ లేదు. ఊరందరి ఉత్తరాలు చేరవేసిన మనిషికి తన వ్రాతప్రతి చేరలేదు. ఆరు నెలలు కలము ముట్టలేదు. ఒక ఆదివారము యిర్మీయా గ్రంథము ముప్పది ఆరవ అధ్యాయము చదివారు. రాజు చుట్టను కోసి అగ్నిలో వేయగా, యిర్మీయా చెప్తూ ఉంటే బారూకు మరల మొదటి నుండి వ్రాశాడు, అదనముగా మరికొన్ని సంగతులు కూడా చేర్చాడు. ఆ సాయంత్రమే మా మిత్రుడు కొత్త నోటు పుస్తకము కొన్నాడు. ఈసారి కార్బను కాగితము కూడా కొన్నాడు.

ఇప్పుడు ఆ ఇబ్బందులు చాలా పోయాయి. ఫోనులో తెలుగు టైపు చేయవచ్చు, నకలు దానంతట అదే ఉంటుంది. వంద ప్రతులు కావాలంటే వందే వేస్తారు. కట్టలకు చెదలు పట్టే భయము లేదు. పుస్తకానికి ఐఎస్‌బీఎన్ సంఖ్య తీసుకోవడానికి మన దేశములో రుసుము లేదు. 2014లో బెంగుళూరులో మొదలైన ప్రతిలిపి వంటి చోట్ల ఊరి గృహిణి కూడా సంపాదకుని అనుమతి లేకుండా కథ పెట్టగలదు. చదివే పుస్తకముతో పాటు వినే పుస్తకము వచ్చినది. తలుపు తెరుచుకున్నది. నిజమే. కాని తెరిచిన తలుపులో అందరూ ఒకేసారి దూరుతున్నారు. ఇప్పుడు యంత్రము కూడా దూరినది. కరపత్రాలు, పాఠాలు తర్జుమా చేసి నాలుగు రూకలు సంపాదించుకున్న మా వంటివారి పనిని కృత్రిమ మేధ యంత్రము నిమిషములో చిత్తుగా చేసి పెడుతున్నది. ఆ చిత్తును దిద్దడానికి తెలుగు తెలిసిన మనిషి కావాలి. దిద్దడానికి ఇచ్చే కూలి మాత్రము వ్రాసినదానికి ఇచ్చేటంత ఉండదు.

లెక్క చూద్దాము. నూరు రూపాయల పుస్తకము మీద పదిశాతము రాయల్టీ అనుకోండి. వెయ్యి ప్రతులు అమ్ముడైతే రచయితకు వచ్చేది రూ. 10,000. ఆ వెయ్యి అమ్ముడు కావడానికి మూడేండ్లు పడితే నెలకు మూడు వందలు కూడా కాదు. తల్లి అడిగిన ప్రశ్నకు ఇదే సమాధానము. ఒక్క పుస్తకము మీద పొయ్యి వెలగదు. పుస్తకము, పత్రిక వ్యాసము, తర్జుమా, ప్రూఫు దిద్దుబాటు, పాట, నాటిక, పాఠము, వినే కథ – ఇన్ని పుల్లలు కలిస్తే వెలుగుతుంది. అది కూడా కొన్నాళ్లకు.

కాబట్టి యౌవన రచయితలకు మేము చెప్పేవి మూడు మాటలు.

మొదటిది, డేరాను వెంటనే వదలకండి. ఇంటిలో ఒక సంవత్సరానికి సరిపడే ఖర్చు నిలువ ఉన్నదా, వ్రాత మీద నెలనెలా ఏదో కొంత వస్తున్నదా చూసుకోండి. అంతవరకు తెల్లవారుజామున ఒక గంట వ్రాయండి. మా గార్డు గారు బ్రేకు వ్యానులో కిరోసిను దీపము పెట్టుకుని వ్రాసిన కథలు నలభై ఉన్నాయి.

రెండవది, వ్రాయుటయే గాక చదివేవారిని కూడా సంపాదించండి. మీ పుస్తకమును ఏ నూరుమంది కొంటారో పేర్లు వ్రాసుకోండి. లెక్క పుస్తకము పెట్టండి. ప్రతులు ఇచ్చిన చోట రసీదు తీసుకోండి. ఇది ఆత్మీయత లేనివారి పని అనుకోవద్దు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని చెప్పినది మన ప్రభువే గదా.

మూడవది, సంతకము పెట్టే ముందు చదవండి. 1957 నాటి కాపీరైటు చట్టము రచయిత పక్షాననే ఉన్నది. మనకు తెలియకపోవుటయే లోపము. వ్రాసిన క్షణమునుండి హక్కు మీదే. రిజిస్ట్రేషను చేయించకపోయినా హక్కు ఉంటుంది. రచయిత జీవించినంత కాలము, ఆ పైన అరవై సంవత్సరములు అది నిలుస్తుంది. పురుషోత్తమ చౌధురి గారు 1890లో ప్రభువునందు నిద్రించారు; వారి కీర్తనలు ఇప్పుడు అందరివి. జాషువా కవి గారు 1971లో కన్నుమూశారు; వారు అచ్చు వేయించిన కావ్యాల హక్కు 2031 సంవత్సరాంతము వరకు వారసులది. హక్కు మరొకరికి ఇస్తే వ్రాతపూర్వకముగా, సంతకముతో ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. ఎంతకాలమో ఆ కాగితములో వ్రాయకపోతే అయిదేండ్లనే లెక్క. హక్కు అమ్ముకున్న తరువాత కూడా ఇది నా రచన అని చెప్పుకునే హక్కు రచయితకు పోదు. 2012 సవరణ తరువాత, రికార్డు చేసిన పాట మీద వచ్చే రాయల్టీలో పాట వ్రాసినవారికి సమాన భాగము ఉన్నది. దానిని వదులుకున్నట్లు కాగితము వ్రాయించుకున్నా చెల్లదు.

మన సంఘాలకు ముఖ్యమైనది ఇంకొకటి. ఆరాధనలో పాట పాడుకోవడానికి చట్టము ఎవరి అనుమతీ అడగమనదు. ఆ పాటనే పుస్తకముగా అచ్చు వేయడానికి, రికార్డు చేసి అమ్మడానికి మాత్రము అడగవలసినదే. ఈ తేడా తెలియకనే మనము చాలా తప్పులు చేశాము.

ఇప్పుడు ఆ చిన్న పాటల పుస్తకము సంగతి. అది రెండేండ్ల క్రితము మా పాస్టరేటులో క్రిస్మసు కెరోల్సు కొరకు వేసిన పుస్తకము. అందులో పదకొండవ పాట ఆ అమ్మాయిది. పాట క్రింద ఆమె పేరు లేదు. ఆమెను ఎవరూ అడగలేదు. ఒక్క ప్రతి కూడా ఉచితముగా ఇవ్వలేదు; ఆమె పది రూపాయలిచ్చి కొనుక్కున్నది. ఆ పుస్తకము వేసినవారు ఎవరో కాదు, మేము నలుగురమే. మరమరాల పొట్లము చూసి బాధపడిన మేమే. నకలు లేని వ్రాతప్రతి పోగొట్టుకుని ఏడ్చిన మేమే.

మా లెక్క పుస్తకము తీసి చూశాము. ఆ క్రిస్మసుకు పందిరి వేసినవానికి కూలి ఇచ్చాము. మైకు సెట్టువానికి అద్దె ఇచ్చాము. నక్షత్రాలకు లైట్లు కట్టినవానికి, బిరియానీ వండినవానికి, అచ్చు వేసిన ప్రెస్సుకు ఇచ్చాము. పాట వ్రాసినవారికి వేదిక మీద వందనములు కూడా చెప్పలేదు. పనివాడు కూలికి తగినవాడని ప్రభువు శిష్యులను పంపుతూ చెప్పిన మాట మీద మేము ఎన్ని వ్యాసాలు వ్రాశామో లెక్కలేదు.

మేము ఆమె ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. పేరు వేస్తామన్నాము. ఆ పిల్ల తల వంచుకుని, మెల్లగా గాని స్పష్టముగా అన్నది: “పేరు వేయండి పెద్దమ్మా. డబ్బులు కూడా ఇవ్వండి. నేను పని చేశాను గదా.” తల్లి ఆమె వైపు తిరిగి చూసినది. అంతవరకు వ్రాత ఒక పని అని ఆమెకు తోచలేదేమో.

ఆ నెల మా సమితి తీర్మానము చేసినది. ఇక మీదట ఎవరి రచన వేసినా ముందుగా అడుగుతాము, పేరు వేస్తాము, చిన్న మొత్తమైనా కవరులో పెట్టి ఇస్తాము, ఖర్చుల జాబితాలో అచ్చు ఖర్చు పైన ఆ పద్దు వ్రాస్తాము. మా నిధి చిన్నది, ఇచ్చినది కొంచెమే. ఆ కొంచెముతో ఆమె బ్రతకలేదు. ఆ సంగతి మాకు తెలుసు.

అందుకే ఈ సభకు మనవి. ఒక పాస్టరేటు చేయలేని పని ఒక అధ్యక్ష ఖండము చేయగలదు. ఆదివారపు బడి పాఠాలు, సెలవుల బైబిలు బడి పుస్తకాలు, ధ్యానాలు, నాటికలు, పాటలు మనకు ఏటేటా కావాలి. వాటిని అడిగి వ్రాయించి, కూలి ఇచ్చి తీసుకుంటే ఇద్దరు ముగ్గురు రచయితలకు సగము డేరా మనమే కట్టినట్లవుతుంది. బడ్జెటులో ఒక పద్దు పెట్టమని అధ్యక్షుల వారిని, కౌన్సిలు సభ్యులను వేడుకుంటున్నాము. రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో, పౌలు చెప్పగా వ్రాసిన తెర్తియు తన పేరు చేర్చి వందనము చెప్పాడు. వ్రాసే చేతికి పేరు ఉండుట లేఖనమునకు కొత్త కాదు.

ఆ అమ్మాయికి మా జవాబు ఇది. అమ్మా, ఈ సంవత్సరము బడి మానవద్దు. వ్రాయుట మానవద్దు. నీ లెక్క నువ్వు వ్రాసుకో. పాటకు కూలి అడిగిన రోజున నువ్వు రచయితవయ్యావు, అడగడము మానవద్దు. డేరా ఎప్పుడు వదలాలో నీ లెక్క పుస్తకము నీకు చెప్తుంది, మేము కాదు. తల్లికి కూడా ఒక మాట. వదినా, పొయ్యి వెలుగుతుందా అని నువ్వు అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు నీ బిడ్డ ఒక్కతే చెప్పవలసినది కాదు. ఆమె పాట పాడుకునే మనమందరమూ చెప్పాలి.

ప్రభువు ఈ అధ్యక్ష ఖండమును, దానిలోని చదువరులను, వ్రాసే చేతులను దీవించును గాక. ఆమేన్.